మాంచాల గడప దగ్గర ఆగిన యుద్ధం

పల్నాటి కథ భయంకరమైన కథ. ఈ మాట ముందు ఒప్పుకుని మొదలుపెడదాం. సవతి అన్నదమ్ముల మధ్య పగ, విషానికి బలైన రాయబారి, అతనితోపాటు చితి ఎక్కిన పడుచు భార్య, స్నేహితుడు తనని తప్పించి వెళ్ళాడని తెలిసి ప్రాణం తీసుకున్న కుర్రవాడు, చివరికి నాగులేటి పక్కన కారెంపూడి బయలు నిండా శవాలు. పిల్లలకు రాత్రిపూట చెప్పే కథ కాదిది. అయినా మనలో ఎవరినైనా అడగండి, పల్నాటి యుద్ధం అనగానే ముందు ఏం గుర్తొస్తుందని. ‘బాలచంద్రుడు, మాంచాల’ అంటారు. అంటే ఒక మగడూ పెళ్ళామూ. ఒళ్ళు జలదరించవలసిన కథ మన మనసులో వీరతిలకం దిద్దే ప్రేమకథగా ఎప్పుడు మారింది? మారినప్పుడు ఎవరికి లాభం, ఎవరికి నష్టం? ఈ నాలుగు మాటలూ దాని గురించే.

ఇట్లా మార్చటం మనకొక్కరికే ఉన్న అలవాటు కాదు లెండి. ఇంగ్లండులో మూడో జార్జి రాజుకు మతి చలిస్తే, ఆయన కొడుకు రాజప్రతినిధిగా ఉండి 1811 నుంచి 1820 వరకు ఏలాడు. దాన్ని రీజెన్సీ కాలం అంటారు. జేన్ ఆస్టిన్ నవలలు అచ్చయింది ఆ రోజుల్లోనే. పెళ్ళీడు ఆడపిల్లలు, వాళ్ళ తల్లుల ఆరాటం, ఏ పెళ్ళికొడుక్కి ఏడాదికి ఎంత రాబడి అన్న లెక్కలు, ఎవరింట్లో నాట్యం, ఎవరితో ఎవరు రెండుసార్లు ఆడారు అన్న గుసగుసలు. ఇప్పుడు సరదాకి కొందరు పాత భయంకర చిత్రాలను తీసుకుని ఈ కాలపు పెళ్ళికథలుగా తిరగరాస్తుంటారు. డ్రాక్యులా ప్రభువే ఉన్నాడనుకోండి. పెద్ద కోట, పాత వంశం, పెళ్ళి కాలేదు, పక్క ఊళ్ళో కొత్తగా ఇల్లు కొన్నాడు. ఐదుగురు ఆడపిల్లల తల్లికి ఇంతకంటే ఏం కావాలి? పగలు బయటికి రాడు అంటే, జమీందారీ బిడ్డలు అంతేలే అని సర్దుకుపోతుంది.

ఇది ఉత్త హాస్యం అనుకోకండి. భయం కథా, పెళ్ళికథా నిజంగానే ఒక ఇంట్లో పుట్టిన అక్కచెల్లెళ్ళు. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ ధూళి ఆకాశమంతా పరుచుకుని, 1816లో ఐరోపాకు వేసవే లేకుండా పోయింది. ఆ ముసురులో జెనీవా సరస్సు ఒడ్డున ఒక ఇంట్లో చలిమంట చుట్టూ చేరిన కవులు తలా ఒక దయ్యం కథ రాద్దామనుకున్నారు. అందరిలో నిలిచిన కథ రాసింది పద్దెనిమిదేళ్ళ ఆడపిల్ల, మేరీ. అది 1818 జనవరిలో అచ్చయిన ఫ్రాంకెన్‌స్టయిన్. ఆస్టిన్ రాసిన ‘నార్తాంగర్ ఆబీ’ ఆమె చనిపోయాక, 1817 డిసెంబరు చివర్లో బయటికి వచ్చింది. మధ్య ఎడం రోజులే! ఆ నవలలో కథానాయిక దయ్యాల నవలలు తెగ చదివి, అతిథిగా వెళ్ళిన పాత భవంతిలో అర్ధరాత్రి ఒక బీరువా తెరిచి, దొరికిన కాగితాలేమిటో చూసే లోపల దీపం ఆరిపోయి, తెల్లవార్లూ వణికిపోతుంది. పొద్దున్నే చూస్తే అవి చాకలి పద్దులు. నవ్వుతాం. కానీ ఆస్టిన్ అక్కడితో ఆగలేదు. ఆ ఇంట్లో దయ్యం లేదు గానీ, కట్నం లేదని తెలియగానే ఆ పిల్లను ఒంటరిగా బండెక్కించి గెంటేసిన ఇంటి యజమాని ఉన్నాడు. భయపడవలసింది ఎవరికో ఆమెకు తెలుసు.

తరవాత నూరేళ్ళకు 1931లో హాలీవుడ్ వాళ్ళు డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టయిన్ రెండూ మాటలు నేర్చిన సినిమాలుగా తీశారు. 1935లో ఫ్రాంకెన్‌స్టయిన్ భూతానికి పెళ్ళికూతుర్ని కూడా తయారుచేశారు. ఆ చిత్రం మొదట్లో బయట ఉరుములు, లోపల పట్టుగౌను వేసుకుని మేరీ కూచుని కథ చెబుతుంటుంది. ఆ మేరీగా వేసిన ఎల్సా లాంచెస్టరే చివర్లో ఆ భూతపు పెళ్ళికూతురుగానూ వేసింది. ఆమె పెళ్ళికొడుకుని చూసి కెవ్వున కేకపెట్టింది. పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల మనసు అంత స్పష్టంగా చెప్పిన సినిమా ఇంకోటి ఉందో లేదో!

ఇక మన పల్నాడుకు వద్దాం. అప్పుడు చాలా ఏళ్ళు గుంటూరు జిల్లాలో భాగంగా ఉండి, 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా సొంత జిల్లా అయిన సీమ ఇది. యుద్ధం జరిగింది పన్నెండో శతాబ్దం చివర, 1180 ప్రాంతంలో అని చరిత్రకారుల మాట. మనం ఎప్పుడూ కోడిపందెంతో మొదలుపెడతాం గానీ, నిజానికి కథకు మొదలు ఒక పెళ్ళి. హైహయ వంశపు అనుగురాజుకు వెలనాటి చోడుల ఆడపడుచు మైలమదేవిని ఇచ్చి, పల్నాటి సీమను అరణంగా ఇచ్చారని కథ. విన్నారా? పల్నాడు మొదట ఒక ఆడపిల్ల పుట్టింటి నుంచి తెచ్చుకున్న సొత్తు. మైలమదేవి కొడుకు నలగామరాజు గురజాలలో ఉన్నాడు. అనుగురాజు మరో భార్య బిడ్డ మలిదేవరాజు మాచర్లలో ఉన్నాడు. అమ్మ అరణంలో సవతి కొడుక్కి వాటా ఎంత? ఇది ఆస్టిన్ ఇంటి ముంగిట పెట్టవలసిన తగాదా. చాకలి పద్దు దొరకవలసిన బీరువా మనకూ ఒకటి ఉందన్నమాట, అయితే మనవాళ్ళు దాన్ని తెరవలేదు. పందెపు కోడిని మాత్రం చూశారు.

ఈ భయం కథలో భూతం వేషం ఎవరికి ఇచ్చారు? నాగమ్మకు. ఆమె చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్నది. జిట్టగామాలపాడులో వ్యవసాయం చేయించుకుంటూ పెరిగిన మనిషి. రాజు మెప్పు సంపాదించి ఏడు ఘడియల మంత్రిత్వం వరంగా పుచ్చుకుని, ఆ ఏడు ఘడియల్లోనే రాజ్యం తన చేతుల్లోకి తిప్పుకున్నదని చెబుతారు. అందుకే ‘నాయకురాలు’ అన్నారు. బొట్టులేని ఆడది, కచేరీలో కూర్చున్నది, మగవాళ్ళతో లెక్కలు మాట్లాడింది. ఇంకేం, కథలో ప్రతి చెడ్డకూ ఆమే కారణం. పందెంలో మోసం ఆమెదే, ఏడేళ్ళ వలస ఆమె పన్నుగడే, రాయబారిగా వచ్చిన అలరాజుకు చర్లగుడిపాడులో విషం పెట్టించిందీ ఆమే. ఇవన్నీ ఆమె చేయలేదని నేను వకాల్తా పుచ్చుకోవటం లేదు. మంత్రులు చేసే పనులే ఇవి. బ్రహ్మనాయుడూ పందెం కట్టాడు, ఆయనా సైన్యాన్ని నడిపాడు. ఆయనను విష్ణ్వంశ అన్నారు. మాచర్ల చెన్నకేశవుని పేరున అన్ని కులాలవాళ్ళనూ ఒక్కచోట కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన పెద్దమనిషి ఆయన, ఆ గొప్ప ఆయనకు చెందవలసిందే. మాలవాడైన కన్నమదాసును కొడుకుగా చేసుకుని సేనాపతిని చేశాడు. అంత విశాలమైన మనసున్న కథ కూడా, అధికారం ఒక విధవరాలి చేతికి వచ్చేసరికి జడుసుకున్నది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు ఈ కథ మీద రాసిన నాటకానికి ‘నాయకురాలు’ అని పేరు పెట్టారు. గుంటూరులో ఆడపిల్లల కోసం శారదా నికేతనం నడిపిన ఆయనకు ఆ పేరే తోచటం నాకు సబబుగా కనపడుతుంది.

అలరాజు భార్య పేరిందేవిని మన ప్రేమకథ దాదాపు మరచిపోయింది. ఆమె నలగామరాజు కూతురు. పుట్టిల్లు గురజాల, మెట్టిల్లు మాచర్ల పక్షం. భర్త రాయబారం వెళ్ళింది తన తండ్రి దగ్గరికే. శవమై తిరిగొచ్చాడు. ఆమె సహగమనం చేసింది. పుట్టింటివాళ్ళ విషం, అత్తింటివాళ్ళ పగ, మధ్యలో ఒక ఆడపిల్ల. ఇంతకన్నా భయానకం ఏ కోటలో, ఏ భవంతిలో ఉంటుంది చెప్పండి? సినిమాకు ఇది పనికిరాలేదు, ఎందుకంటే ఇందులో పాట పెట్టటానికి చోటు లేదు.

పాటకు చోటున్నది మాంచాల దగ్గర. బాలచంద్రుడు బ్రహ్మనాయుడి కొడుకు, తల్లి ఐతమ్మ. పెళ్ళయింది గానీ భార్య మొహం చూడలేదు. శ్యామాంగి అనే వేశ్య ఇంట్లో కాలక్షేపం. రీజెన్సీ నవలల్లో ఇట్లాంటి దారి తప్పిన కుర్రవాణ్ణి కథానాయకుడుగా పెట్టి, చివరి అధ్యాయంలో బాగుచేయటం మామూలే. మనవాడు బొంగరం ఆడుతుంటే అది పోయి అన్నమ్మ అనే ఆమెకు తగిలింది. నీవాళ్ళంతా కారెంపూడిలో కత్తులు పట్టుకుంటే నువ్విక్కడ బొంగరం తిప్పుతున్నావా అని ఆమె ఎత్తిపొడిచింది. అక్కడ అతనికి రోషం వచ్చింది. తల్లి ఏంచేసింది? నేరుగా వద్దనలేక, పెళ్ళాన్ని చూసి వెళ్ళమన్నది. ఐతమ్మ ఎత్తు మనకు తెలుసు. పడుచు భార్య మొహం చూస్తే కొడుకు ఆగుతాడని ఆశ. తల్లులు ఇప్పటికీ వేసే ఎత్తే అది.

మాంచాల అలంకరించుకున్నది. ఇన్నేళ్ళకు మగడు గడప తొక్కాడు. అతను యుద్ధానికి పోతున్నాడని తెలిసింది. ఆపలేదు. కత్తి చేతికిచ్చి పంపింది. ఈ ఒక్క ఘట్టం మీద మన నాటకాలూ బుర్రకథలూ బతికాయి. మగడు రావటమూ పోవటమూ ఒకే రాత్రి. ఆమె జీవితంలో దాంపత్యం అంతా ఆ రాత్రే. ఇది ప్రేమకథ అయితే ఇంత చిన్న ప్రేమకథ ఇంకోటి ఉండదు. భయం కథ అయితే మాత్రం చాలా పెద్దది. ఎందుకంటే ఆమె ఎదురుగా నిలబడ్డ వరుడికి ఎక్కడికి పోతున్నాడో తెలుసు, ఆమెకూ తెలుసు, పక్కగదిలో అత్తగారికీ తెలుసు. ముగ్గురూ ఆ మాట పైకి అనలేదు. అతని స్నేహితుడు అనపోతు బ్రాహ్మణ బాలుడు. అతన్ని యుద్ధంలో బలిపెట్టటం ఇష్టం లేక బాలచంద్రుడు ఏదో నెపంతో వెనక్కి పంపించి తను వెళ్ళిపోయాడు. సంగతి తెలిసి అనపోతు ప్రాణం తీసుకున్నాడు. అంటే యుద్ధరంగం చేరకముందే ఆ ఇంటి చుట్టుపక్కల చావు తిరుగుతున్నది.

శ్రీనాథుడు ఈ కథను యుద్ధం జరిగిన రెండు వందల ఏళ్ళ తరవాత మంజరీ ద్విపదలో రాశాడని పేరు. అక్కిరాజు ఉమాకాంతంగారు దాన్ని 1911లో పరిష్కరించి అచ్చు వేయించారు. అంతకు ముందూ తరవాతా ఊళ్ళల్లో పాడుతున్నది మాత్రం వీరవిద్యావంతులు. వాళ్ళు పాడిన పాఠాన్ని గాయకుడు ఆలిసెట్టి గాలెయ్య నోట విని రికార్డు చేసుకుని, జీన్ రోఘయిర్ అనే అమెరికా పండితుడు 1982లో పుస్తకంగా వేశాడు. వాళ్ళ కథ రాత్రులకు రాత్రులు సాగుతుంది. అందులో దేవతలు, శకునాలు, రక్తం, అన్నీ ఉన్నాయి. సినిమావాళ్ళకు మూడు గంటలే కదా. గూడవల్లి రామబ్రహ్మంగారు మొదలుపెట్టి 1946లో కన్నుమూస్తే, ఎల్.వి. ప్రసాద్‌గారు పూర్తిచేసిన ‘పల్నాటి యుద్ధం’ 1947లో వచ్చింది. నాగమ్మగా కన్నాంబ, బాలచంద్రుడుగా అక్కినేని నాగేశ్వరరావు, మాంచాలగా ఎస్. వరలక్ష్మి. మళ్ళీ 1966లో గుత్తా రామినీడుగారి దర్శకత్వంలో ఎన్.టి. రామారావు బ్రహ్మనాయుడుగా, భానుమతి నాగమ్మగా, హరనాథ్, జమున బాలచంద్రుడూ మాంచాలగా ఇంకో ‘పల్నాటి యుద్ధం’. ఒక సంగతి గమనించండి. రెండుసార్లూ నాగమ్మ వేషం అప్పటికి బాగా పేరున్న, ఒంటిచేత్తో సినిమా మొయ్యగల నటీమణికే ఇచ్చారు. కన్నాంబ గొంతు, భానుమతి చూపు తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ప్రేమజంటను చూడటానికి వెళ్ళి, నాగమ్మను చూసి వచ్చిన ప్రేక్షకులు ఎందరో! కథ ఆమెను రాక్షసిని చేసినా, తెర మాత్రం ఆమెనే గుర్తుంచుకున్నది.

ప్రేమకథగా మార్చటం తప్పని నేను అనను. మాంచాల లేకపోతే ఈ కథ మగవాళ్ళ పంచాయితీగా మిగిలేది. మన ఇళ్ళల్లోకి వచ్చేది కాదు. నా ఫిర్యాదల్లా ఒకటే. తిలకం దిద్దిన చెయ్యి చూపించి, మరునాడు ఆ చేతికి గాజులు ఏమయ్యాయో చూపించరు. ఆస్టిన్ పెళ్ళితో ఆపేస్తుంది, నిజమే. అయితే ఆమె కథల్లో దండు ఊళ్ళోకి వచ్చేది నాట్యాలకే. 1815లో వాటర్లూలో చచ్చిపోయినవాళ్ళ ఊసే ఉండదు. మన కథకు ఆ సౌకర్యం లేదు. యుద్ధం అయ్యాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని చెబుతారు. మగవాళ్ళకు వైరాగ్యం వస్తే గుహలు ఉన్నాయి. ఐతమ్మకు ఏ గుహ?

కారెంపూడిలో వీరుల గుడి ఉంది. కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు ఆరాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని వరసగా రోజులకు పేర్లు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. వీరుల ఆయుధాలు పట్టుకుని జనం నాగులేటికి కదులుతారు. కళ్ళిపాడు అంటే యుద్ధభూమి, ఆఖరి రోజు. రాయబారానికి ఒక రోజు ఉంది, కోళ్ళకు ఒక రోజు ఉంది. ఐదు పేర్లలోనూ మాంచాల గడప లేదు. అక్కడ ఎవరూ దీన్ని ప్రేమకథ అనుకోరు. చచ్చినవాళ్ళను తలుచుకునే పండగ అనుకుంటారు.

ఈసారి మీలో ఎవరైనా అటు వెళితే, పగటి సందడి చూసి బస్సెక్కేయకండి. రాత్రి విద్యావంతులు పాడేచోట పిల్లల్ని ఒళ్ళో వేసుకుని కాసేపు కూర్చోండి. వీలైతే బాలచంద్రుడు భార్య దగ్గరికి వెళ్ళే ఘట్టం పాడమని అడగండి. పేరిందేవిది కూడా.