పాముపొడ ఈగ

పాముపొడ ఈగ అగ్రోమైజిడే కుటుంబానికి చెందిన చిన్న ఈగ. శాస్త్రీయ నామం లిరియోమైజా ట్రైఫోలి. పొడవు సుమారు రెండు మిల్లీమీటర్లు. తల పసుపు, వీపు బూడిదరంగు కలిసిన నలుపు. పల్నాడు జిల్లా బొల్లాపల్లి వైపు టమాటా, బీర, ఆముదం ఆకుల మీద తెల్లని వంకర గీత కనబడితే రైతు పాముపొడ వచ్చిందంటాడు. పొడ అంటే మచ్చ, చార. అంటే ఆ పేరు గీతది, ఈగది కాదు. ఈగను పనిగట్టుకుని చూసినవాళ్లు అరుదు.

ఇలాంటి గీతే నిమ్మ, బత్తాయి లేతాకుల మీదా పడుతుంది. దాన్నీ పాముపొడే అంటారు గానీ, గీసేది ఈగ కాదు, ఒక రెక్కల పురుగు. స్టెయింటన్ 1856లో కలకత్తా నమూనాల ఆధారంగా దానికి ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అని పేరు పెట్టాడు. ఆకును ఎండకు ఎత్తిపట్టి చూస్తే రెండింటి తేడా తెలుస్తుంది. నిమ్మాకు గీత వెండిలా మెరుస్తూ, నడిమధ్యన పెంట ఒకే నల్లదారంలా సాగుతుంది. ఈగ గీతలో పెంట కాసేపు ఈ అంచున, కాసేపు ఆ అంచున పడి ఉంటుంది. దాని పిల్లపురుగు పక్కకు ఒరిగి పడుకుని, నోటి కొక్కేన్ని అర్ధచంద్రాకారంగా ఆడిస్తూ పత్రహరితాన్ని గీకి తింటుంది. అలసిందో ఏమో, మధ్యమధ్య రెండోపక్కకు తిరుగుతుంది. పెంటా దాంతోపాటే పక్క మారుతుంది.

ఈ ఈగ కొత్త జాతిగా లోకానికి తెలిసింది 1880లో. అమెరికా రాజధాని ప్రాంతంలో క్లోవర్ అనే పశుగ్రాసపు ఆకుల నుంచి వచ్చిన ఈగలను ఎడ్వర్డ్ బర్జెస్ వర్ణించగా, కామ్‌స్టాక్ వ్యవసాయశాఖ నివేదికలో అచ్చు వేయించాడు. అప్పటి పేరు ఆసినిస్ ట్రైఫోలి. బర్జెస్ తర్వాత ఈగలను వదిలి పడవల నమూనాలు గీయడంలో పడ్డాడు. 1885 నుంచి వరుసగా మూడుసార్లు అమెరికా కప్ గెలిచిన తెరచాప పడవలు ఆయన గీసినవే. ఈగ మాత్రం చిక్కుల్లో పడింది. ఇప్పుడు ఈ ఈగ ఉన్న లిరియోమైజా ప్రజాతిని 1894లో మిక్ ఏర్పరిచాడు. ఆ తర్వాత చిక్కుడు జాతి మీద దొరికినప్పుడొక పేరు, ఉల్లి మీద దొరికినప్పుడొక పేరు వచ్చాయి. అన్నీ ఒకటేనని 1965లో తేల్చినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త కెనెత్ స్పెన్సర్.

తేల్చడానికి అంతకాలం ఎందుకంటే, ఈ కుటుంబంలో పైరూపం నమ్మదగింది కాదు. పసుపు, నలుపు కలిసిన ఈగలు వందలు. మగ ఈగ పొట్ట చివరిభాగాన్ని క్షారద్రావణంలో నానబెట్టి, మెత్తని కండ కరిగాక మిగిలిన జననాంగపు గట్టిభాగాన్ని సూక్ష్మదర్శిని కింద పోల్చి చూడాలి. ఆడ ఈగ ఒక్కటే దొరికితే చాలాసార్లు జాతి చెప్పడం కుదరదు. నేడు దీనికి తోడు ఒక జన్యుభాగంలోని 658 అక్షరాల వరుసనూ చదువుతున్నారు. 2000, 2001 సంవత్సరాల్లో ఇలా జన్యువరుసలను పోల్చే షెఫర్ బృందం, ఇదే ప్రజాతిలో హ్యూడోబ్రెన్సిస్ అనే ఒకే జాతి అని అందరూ అనుకున్నదాంట్లో రెండు జాతులున్నాయని చూపింది. కాలిఫోర్నియా ఈగకు లాంగీ అన్న పాతపేరు తిరిగొచ్చింది.

మన దేశపు అగ్రోమైజిడ్‌లకు ముఖ్యమైన ఆధారం ఆగ్రా సెయింట్ జాన్స్ కళాశాల నుంచి సింగ్, ఐప్ 1973లో వెలువరించిన గ్రంథం. అప్పటికి ట్రైఫోలి ఇక్కడ లేదు. ఆ కుటుంబంలో మెట్టరైతుకు బాగా తెలిసింది కంది కాయ ఈగ. అది గింజను తింటుంది, ఆకు జోలికి రాదు.

ట్రైఫోలి లోకం తిరిగింది చామంతి కొమ్మల మీద. ఫ్లోరిడా నుంచి నాటడానికి పంపిన కొమ్మలతో 1976లో కెన్యా చేరింది, తర్వాత ఐరోపాకు పాకింది. మన దేశంలో మొదట గుర్తించింది 1990–91లో, హైదరాబాద్ దగ్గర ఆముదం మీద. కొన్నేళ్లకే అది డెబ్బైకి పైగా మొక్కజాతుల మీద కనబడింది. ఇంత వేగానికి మందుల వాడకమూ ఒక కారణం. పిల్లపురుగు రెండు పొరల మధ్య దాక్కుంటుంది, పైపై మందు దానికి అంతగా అందదు. దాన్ని తినే పరాన్నజీవి కందిరీగలు మాత్రం చచ్చిపోతాయి. అందుకే ఐదుశాతం వేపగింజల కషాయాన్ని సిఫారసు చేస్తారు.

జాతి తెలుసుకోవాలనుకునేవారు ఈగను వలతో పట్టే శ్రమ పడరు. గీతలున్న ఆకును కోసి, మొక్క పేరు రాసి, మూతపెట్టిన డబ్బాలో ఉంచుతారు. పురుగు ఆకుకు చీలిక కోసుకుని బయటపడి, గోధుమరంగు గింజలాంటి కోశంగా మారుతుంది. వారం పదిరోజులు ఎదురుచూస్తే ఈగ రావచ్చు. చాలాసార్లు రాదు, దాని బదులు హెమిప్టార్సెనస్ వారికార్నిస్ అనే చిన్న కందిరీగ డబ్బా గోడ మీద నడుస్తుంటుంది. మగదైతే దాని మీసాలకు కొమ్మలుంటాయి.