కెమెరాలో మన రంగు ఎవరు నిర్ణయించారు?

కెమెరా అబద్ధం చెప్పదంటారు. సాఫ్ట్‌వేర్ రాసి పొట్టపోసుకునేవాణ్ణి కాబట్టి నాకా మాట మీద ఎప్పుడూ అనుమానమే. డిజిటల్ కెమెరా అంటే ముందు కటకం తగిలించిన కంప్యూటరు. కంప్యూటరన్నాక డిఫాల్టులుంటాయి. డిఫాల్టు ఉందంటే ఎక్కడో ఎవరో కూర్చుని మన తరఫున నిర్ణయం తీసేసుకున్నారన్నమాట.

అసలు సెన్సరుకి రంగులు తెలియవు. మీద పడిన వెలుతురు ఎంతో కొలవడమే దాని పని. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ దీనికో ఉపాయం కనిపెట్టాడు. 1976లో పేటెంటొచ్చింది. సెన్సరు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్ళు పరచడమే ఆ ఉపాయం. నాలుగు గళ్ళలో రెండు ఆకుపచ్చవి, ఎందుకంటే వెలుగులో తేడాల్ని మన కన్ను ఎక్కువగా పట్టేది అక్కడే. ఒక్కో గడికి తెలిసేది ఒక్క రంగే. మిగతా రెండూ పక్క గళ్ళని చూసి లెక్కగట్టాలి. అంటే ఫోటోలోని రంగుల్లో మూడింట రెండొంతులు కొలిచినవి కావు, ఊహించినవి! ఆ పైన వైట్ బ్యాలెన్సు, కాంట్రాస్టు, శాచురేషను, షార్ప్‌నెస్. ఇవన్నీ అయ్యాకే జేపెగ్ బయటికొస్తుంది.

మరి ఏది "సరైన" రంగో ఎవరు చెప్పారు? దీనికి ఫిల్ము రోజుల్లోకి వెళ్ళాలి. 1950ల నుంచి కొడాక్ కంపెనీ ల్యాబులకి ఓ నమూనా ఫోటో పంపేది. పేరు షర్లీ కార్డు. అందులో ఉండేది ఓ తెల్లజాతి అమ్మాయి. తర్వాత మోడళ్ళు మారారు గానీ పేరు మారలేదు, చర్మం రంగూ చాన్నాళ్ళు మారలేదు. ఆమె ముఖం బాగా వస్తే ప్రింటు బాగున్నట్టు. నల్లవాళ్ళు, మనలాంటి చామనఛాయవాళ్ళు ఆ లెక్కలోనే లేరు.

దీని మీద కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో ఓ వ్యాసం ప్రచురించింది. కొడాక్ గోధుమరంగు ఛాయల మీద దృష్టి పెట్టడానికి కారణాలేమిటో తెలుసా? చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాన్ల వ్యాపారులు! డార్కు చాక్లెట్‌కీ మిల్కు చాక్లెట్‌కీ తేడా తెలియట్లేదని వాళ్ళు గొడవపెట్టారు. మనుషుల కంటే ముందు బల్లలకీ కుర్చీలకీ న్యాయం జరిగింది. వేర్వేరు జాతుల స్త్రీలున్న కార్డులు 1990లలో గానీ రాలేదు.

డిజిటల్ వచ్చాక ల్యాబు మనిషి కెమెరాలోకే దూరాడు. 2005లో కానన్ 'పిక్చర్ స్టైల్' తెచ్చింది, 2007లో నికాన్ 'పిక్చర్ కంట్రోల్'. ఫుజీ 2011 నాటి ఎక్స్100లో తన పాత ఫిల్ములు ప్రోవియా, వెల్వియా, ఆస్టియాల్నే మెనూలో పెట్టేసింది. కానన్ మెనూలో 'కలర్ టోన్' అని ఒకటుంటుంది. మైనస్ వైపు జరిపితే చర్మం ఎర్రగా, ప్లస్ వైపు జరిపితే పసుపుగా వస్తుందని మాన్యువల్లో రాస్తారు. ఆ సెట్టింగు చేయగలిగేది అంతేననుకోండి. అయినా చర్మాన్ని ఎరుపూ పసుపుల మధ్య ఊహించుకోవడంలో ఎవరి ముఖం మనసులో ఉందో చెప్పక్కర్లేదు.

ఇక మన పెళ్ళి ఫోటోల సంగతి. కెమెరా మీటరు ప్రతి దృశ్యాన్నీ సగటున మధ్యరకం బూడిదరంగుకి లాగాలని చూస్తుంది. తెల్ల పంచెలు, తెల్ల గోడ, ట్యూబులైటు, అన్నీ కలిపి "అమ్మో, వెలుతురెక్కువ" అనుకుని తగ్గించేస్తుంది. పంచె బూడిదరంగుకి తిరుగుతుంది, పెళ్ళికొడుకు ముఖం మాడిపోతుంది. అప్పుడు స్టూడియోవాళ్ళు టచింగ్ చేసి సున్నం కొట్టినట్టు తెల్లగా చేసిచ్చేవాళ్ళు. తర్వాత ఆ పని ఫోన్లలో బ్యూటీ మోడ్ అందుకుంది.

నిజానికి కావలసింది తెల్లబరచడం కాదు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ కాస్త ప్లస్సుకి జరిపి, కాంట్రాస్టు ఒక మెట్టు దించి, ఉన్న వెలుతురులో తెల్లకాగితం చూపించి వైట్ బ్యాలెన్సు సెట్ చేస్తే చాలు. చామనఛాయ చామనఛాయలాగే, ముఖంలో కళతో సహా వస్తుంది.

2021లో గూగుల్ పిక్సెల్ 6తో 'రియల్ టోన్' అని, అన్ని ఛాయల ముఖాలూ సరిగ్గా రావాలనే లక్ష్యంతో తెచ్చింది. సంతోషమే. షర్లీ కార్డు మొదలైన అరవై ఏళ్ళు దాటాక! వాళ్ళ డిఫాల్టు వాళ్ళు మార్చుకుంటున్నారు. "అమ్మాయి ఫోటోలో కాస్త తెల్లగా వచ్చేట్టు చూడు బాబూ" అనే మన డిఫాల్టు మాత్రం ఏ మెనూలోనూ దొరకదు. దాన్ని మార్చాల్సింది మనమే. ఏమంటారు?