అక్షరాల కోసం పుట్టిన కార్డు

ఆ ఆకుపచ్చ తెర వెలగడానికి మాకు మూడు ఆదివారాలు పట్టింది. కార్డు పాతసామాన్ల కొట్లో దొరికింది. ఇనుముతో కలిపి తూకం వేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. మానిటరు ఒక మిత్రుడి ఇంటి అటక మీద గుడ్డ కప్పుకుని ఉంది. ఎక్స్‌టీ రకం కంప్యూటరు కూడా ఆయనదే.

మొదట కార్డు పళ్లు చూశాం. స్లాటులోకి దిగే ఆ బంగారు పూత గీతలు నల్లబడ్డాయి. బడిపిల్లలు పెన్సిలు చెరుపుకునే రబ్బరుతో మెల్లగా రుద్దితే మెరుపు తేలింది. స్విచ్చి వేశాం. ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీపులు. వీడియో కార్డు సంగతి చూడమని అర్థం. మదర్‌బోర్డు మీద బియ్యపుగింజంత స్విచ్చుల వరుస ఉంటుంది. అందులో 5, 6 నంబర్లు రెండూ ఆఫ్‌లో ఉంటేనే ఒంటిరంగు తెర ఉందని యంత్రానికి తెలుస్తుంది. మా దాంట్లో ఒకటి ఆన్‌లో ఉండిపోయింది.

ఈ స్విచ్చులు ఎందుకొచ్చాయో తెలియాలంటే 1981 ఆగస్టు 12కు వెళ్లాలి. ఆ రోజు ఐబీఎం తన పీసీతో పాటు రెండు రకాల కార్డులు ప్రకటించింది. ఎండీఏ ఆఫీసు పనికి, సీజీఏ రంగులకు. ఏ కార్డు పెట్టామో యంత్రానికి చెప్పడానికే ఆ స్విచ్చులు. రెండు కార్డులకూ వెనక తొమ్మిది పిన్నుల సాకెట్టే. ప్రమాదమంతా అక్కడే ఉంది. ఎండీఏ తెర మీద సెకనుకు 18,432 అడ్డగీతలు గీస్తుంది, సీజీఏ సుమారు 15,700. ఐబీఎం వారి 5151 ఒంటిరంగు (మోనో) మానిటరు తన లయ తాను పెట్టుకోదు, కార్డు ఇచ్చిన లయకే నడుస్తుంది. అందుకే తప్పు కార్డు తగిలిస్తే లోపల తెరకు అధిక వోల్టేజీ అందించే భాగం (ఈహెచ్‌టీ) కాలిపోయే ప్రమాదముంది. పాత మానిటరు దొరికినవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఒక్కటే: పిన్నులు సరిపోయాయి కదా అని కలిపేయకండి. 1987లో వీజీఏ 15 పిన్నులతో, 31,500 గీతల దరిదాపు వేగంతో వచ్చి ఈ లెక్కే మార్చేసింది. ఏ తెరకు ఏ వేగం పడుతుందో మానిటరే కార్డుకు చెప్పుకునే పద్ధతి 1990ల నడుమ గానీ రాలేదు.

ఇక మా చేతిలో ఉన్న కార్డు. అది హెర్క్యులస్ నమూనాకు నకలు. దాని పుట్టుక తెలిసిన నాటి నుంచి నాకు ఆ కార్డంటే ప్రాణం.

ఎండీఏలో ఒక్కో అక్షరానికి తొమ్మిది చుక్కల వెడల్పు, పద్నాలుగు చుక్కల ఎత్తు గల గడి ఉండేది. ఇంగ్లిషు ఎంతో ముచ్చటగా కనిపించేది. కానీ ఆ గడుల్లో ఏం కనబడాలో చిప్పులో ముందే చెక్కిపెట్టారు. మొత్తం 256 ఆకారాలు, అంతే. ఒక చుక్కను విడిగా వెలిగించే దారి ప్రోగ్రాముకు లేదు. పరిశోధన చేస్తున్న వాన్ సువన్నుకుల్ అనే థాయ్ విద్యార్థికి తన సిద్ధాంత గ్రంథాన్ని థాయ్ లిపిలో రాసుకోవాలని కోరిక. ఆ గడుల్లో ఆ లిపి పట్టదు. అందుకని 1982లో తనే కార్డు తయారుచేశాడు: 64 కేబీ మెమరీ, 720 అడ్డం, 348 నిలువు, ఏ చుక్కకు ఆ చుక్కే వెలిగేలా. అదే హెర్క్యులస్ కార్డు. లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీటు ప్రోగ్రాము గ్రాఫులు అదే మోనో తెర మీద కనబడేసరికి ఆఫీసులు దాన్ని ఎగబడి కొన్నాయి. చవక నకళ్లు దేశదేశాలకూ పాకాయి, మన దగ్గరి కంప్యూటరు శిక్షణ కేంద్రాల దాకా.

ఆ విద్యార్థి ఇబ్బంది మనకు కొత్తదా? ‘స్త్రీ’ అని రాయండి. పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, దాన్నంటి రవత్తు. పద్నాలుగు చుక్కల ఎత్తులో ఇదంతా ఎక్కడ ఇముడుతుంది? మనవాళ్లూ కార్డుతోనే జవాబు చెప్పారు. కాన్పూర్ ఐఐటీలో మొదలై పుణెలోని సీడాక్‌లో ఎదిగిన జిస్ట్ కార్డును కంప్యూటరులో అమర్చితే, ఇంగ్లిషు కోసం రాసిన డీబేస్, వర్డ్‌స్టార్ ప్రోగ్రాముల్లోనూ తెలుగు కనిపించేది. ప్రధాన భారతీయ లిపులకు ఉమ్మడి సంకేతాలు పెట్టడం వల్ల దేవనాగరిలో ఉన్న పేరును తెలుగులోకి మార్చి చూసుకునే వీలుండేది. 1991లో ఆ సంకేతాలే ఇస్కీ పేరుతో భారతీయ ప్రమాణమయ్యాయి. అలాంటి కార్డు ఎవరి అటక మీదైనా ఉంటే, దయచేసి తూకానికి వేయకండి.

మూడో ఆదివారం తెర వెలిగింది. గ్రాఫు కాగితం మీద ‘స్త్రీ’ని చుక్కలుగా గీసుకున్నాం. టర్బో సీలో హెర్క్యులస్ డ్రైవరు పెట్టి, ఒక్కో చుక్కకు ఒక్కో పుట్‌పిక్సెల్ ఆదేశం కొట్టుకుంటూ పోయాం. ఎత్తు నలభై చుక్కలు దాటింది. నడపగానే పైనుంచి వరుసగా దిగింది: గుడిదీర్ఘం, సకారం, తవత్తు, చివరికి రవత్తు తోక. నా మిత్రుడు కళ్లజోడు తీసి దగ్గరికి వంగాడు.

ఈ జాతి తెరల్లో లోపలి వెలుగు పూత (ఫాస్ఫర్) నెమ్మదిగా ఆరుతుంది. సెకనుకు 50 సార్లే గీసే బొమ్మ రెపరెపలాడకుండా ఉండాలని అలా ఎంచుకున్నారు. మీట నొక్కి ప్రోగ్రాము ముగించాక కూడా ఆ అక్షరం నల్లటి తెర మీద లేతాకుపచ్చ నీడగా కాసేపు నిలిచి, మెల్లగా మాసిపోయింది. “ఇంకోసారి వెయ్యరా,” అన్నాడు.