పురిటింటి చరిత్రము



నేటి ప్రసంగవిషయము చెవిని బడగానే మీలో గొందరు రేడియో కట్టివేయ దలపవచ్చును. మగవాడు, అందును ముసలి పంతులు, పురిటిగది మాట లేల యెత్తవలె నని యనవచ్చును. నాకును ఆ సంకోచము లేకపోలేదు. కాని అట్టి సంకోచమే మా యింట నొక ప్రాణిని ముప్పది యేండ్లు బాధపెట్టినది గనుక నేడు దానిని ప్రక్కకు నెట్టి మాటలాడుచున్నాను.

మా తల్లి యేడ్వురు బిడ్డలను గన్నది. ఆరవ కాన్పైన పదునొకండవ నాడే నీళ్ళబిందె నెత్తి కెత్తుకొన్నది. నెల తిరుగక మునుపే మిరపచేనికి నడచినది. అటుపిమ్మట దగ్గినను దుమ్మినను చీర తడియుచుండెడిది. ప్రొద్దు వ్రాలు వేళకు క్రింది కేదో జారుచున్నట్లుండు నని మా పెద్దమ్మతో మాత్రము చెప్పుకొన్నదట. కన్నకూతురికైనను చెప్పలేదు. పెండ్లిండ్లకు బోవుట మానినది. కురవి వీరభద్రస్వామి జాతరకు బండి యెక్కుట మానినది. మేము దానిని భక్తి తగ్గుట యనుకొంటిమి. చరకమున నా వ్యాధికి చికిత్స యున్నదని పాఠముగా జదివిన కుమారునకు, తన యింట నా వ్యాధి యున్నదని తెలియలేదు.

ఆ శాస్త్రమున నేమున్నదో మొదట వినుడు. మన ప్రాచీన వైద్యులు స్త్రీల మర్మావయవమునకు వచ్చు వ్యాపత్తులను ఇరువదిగా లెక్కించిరి. స్థానము తప్పి జారుదానిని సుశ్రుతుడు ప్రస్రంసిని యనెను. వెలికి వచ్చిన యంగమును నూనెతో మెత్తబరచి, చెమర్చునట్లు కాపి, చేతితో మెల్లగా స్వస్థానమున నిలుపుమని చరకసంహిత చికిత్సాస్థానము చెప్పుచున్నది. ఈ బాధ నాడును గలదు, దానికి పేరును గలదు, మందును గలదు. సిగ్గుచే దాచవలసిన దని మాత్రము ఆ గ్రంథములలో లేదు.

చరకసంహిత శారీరస్థానములో నొక చర్చ కలదు. నొప్పులు వచ్చుచుండియు కాన్పు కాని స్త్రీచేత రోకలి పట్టించి, రోట ధాన్యము దంపించవలె నని కొందరి మతము. ఆత్రేయ భగవానుడు దానిని నిరాకరించెను. గర్భిణికి దారుణమైన శ్రమ యెప్పుడును గూడదు, కాన్పు వేళ నసలే కూడదు; ఆవులించుటయు, అటునిటు నడచుటయు చాలునని యాయన తీర్పు. మఱియు నొప్పి రాకమునుపు ముక్కవలదనియు, అట్లు ముక్కుట వ్యర్థమనియు, నొప్పి వచ్చినప్పుడు మొదట మెల్లగా, పిదప క్రమక్రమముగా బలముగా ముక్కవలె ననియు అచ్చటనే చెప్పబడినది. నేటి శిక్షితలైన మంత్రసానులు చెప్పునదియు దాదాపు నిదియే. మన బాలింతల నడికట్టు సయితము అందున్నదే: కాన్పైన పిదప కడుపునకు నేయి గాని నూనె గాని రాసి పెద్దవస్త్రముతో జుట్టుమని విధి.

అయితే శాస్త్రమున్నదని మురిసిపోవుట తగదు. చరకుడు చెప్పిన సూతికాగృహము కలిగినవారి యింటిది. నిజాముల కాలమున మన తెలంగాణములో వెట్టి సాగిన యూళ్ళలో, కూలితల్లి పచ్చిబాలింతయైనను దొరగారి పొలమునకు పిలుపు వచ్చినచో లేచి పోవలసినదే. విశ్రాంతి యనునది కులమును బట్టియు, భూమిని బట్టియు లభించెడిది. మంత్రసానుల మాటయు నట్లే న్యాయముగా జెప్పవలెను. వారిలో చేతివాటము గల ప్రాజ్ఞురాండ్రు పెక్కురు. అర్ధరాత్రమున పిలిచినను వచ్చి, చాటెడు బియ్యమునకే తృప్తిపడిపోయిన పుణ్యాత్మురాండ్రు. కాని కడుపుపై బలముగా నదుముట, తొందరపెట్టి ముక్కించుట, కొడవలితో బొడ్డు కోయుట కూడ వారి చేతులలోనే జరిగినవి.

ఈ విషయమున పాశ్చాత్యులు మనకన్న తెలివిగలవారని తలపవలదు. ప్రాచీన గ్రీకు వైద్యులు జారిన గర్భసంచిని లోనికి బంపుటకై స్త్రీని నిచ్చెనకు గట్టి తలక్రిందులుగా నూపెడివారు; జారకుండ దానిమ్మపండును లోన నుంచెడివారు. ఆ నిచ్చెన పోయినది గాని దానిమ్మపండు మాత్రము రూపు మార్చుకొని నిలిచినది. నేడు డాక్టర్లు మెత్తని సిలికాను ఉంగరమును లోన నమర్చి గర్భసంచిని నిలుపుచున్నారు. శస్త్రచికిత్స లేకయే సుఖపడుటకు అదియొక మార్గము.

పందొమ్మిదవ శతాబ్దమున ప్రాణరక్షణకు గొప్ప యత్నములు జరిగినవి. 1844లో చెన్నపట్టణపు ఎగ్మూరులో ప్రసూతి వైద్యశాల వెలసినది. 1847లో ఎడింబరోలో సింప్సను కాన్పు నొప్పులకు క్లోరోఫారము వాడెను. ఆ క్లోరోఫారమును గూర్చి 1888, 1889లలో మన హైదరాబాదులోనే ఎడ్వర్డు లారీ పరిశోధనసంఘములు నడపెను. అక్కడి వైద్యపాఠశాలలో జదివిన రూపాబాయి ఫర్దూన్జీని లోకమున తొలి మహిళా మత్తువైద్యురాలిగా నెన్నుచున్నారు. 1885లో స్త్రీల వైద్యసహాయమునకై డఫ్రిన్ నిధి యేర్పడెను. 1883లో గుంటూరు వచ్చిన ఆనా కుగ్లరు అచ్చట స్త్రీల కొక వైద్యశాల నెలకొల్పెను. ఇవి యన్నియు తల్లి బ్రతుకుటకు. బ్రతికిన తల్లి ఆపై నెట్లు బ్రతుకునో యెవరి లెక్కలోను లేకుండెను.

ఆ లెక్క దీసినవాడు అమెరికాలో లాసేంజిలిసు నగరపు వైద్యుడు ఆర్నాల్డు కెగెలు. నడుమెముకల అడుగున, ముందరి యెముకనుండి వెనుక తోకయెముక వరకు, కండరములు జోలెవలె నల్లుకొని యుండును. మూత్రాశయమును, గర్భసంచిని, మలాశయమును మోయునది యదియే. మన నులకమంచము ననుకొనుడు. తొమ్మిది నెలల బరువునకును కాన్పు సాగుదలకును ఆ నులక వదులగును. వదులైన నులకను బిగించుకొనవచ్చునే గాని మంచమునే పారవేయ నేల? కెగెలు 1948లో ప్రకటించిన వ్యాసములో ఆ కండరములకు క్రమాభ్యాసము నేర్పిన బలము తిరిగి వచ్చునని చూపెను. మూత్రము నాపుకొనునప్పుడు బిగించు కండరములనే బిగించి, కొన్ని క్షణము లట్లుంచి, పూర్తిగా వదలవలెను. అట్లు పదిమార్లు, దినమునకు మూడు పర్యాయములు. శ్వాస బిగబట్టరాదు. మూత్రము పోయుచుండగా దీని నభ్యాసము చేయరాదు. గర్భిణిగా నున్నప్పుడే మొదలిడినవారికి పిదప చీర తడియు బాధ తక్కువ యగునని తరువాతి పరీక్షలు దెలిపినవి.

హఠయోగప్రదీపికలోని మూలబంధము దీనికి దగ్గరి చుట్టము. ఈ పోలిక చూపి, కెగెలు మననుండి దొంగిలించె నని చెప్పు పండితులను నేను విన్నాను. నే నట్లనను. మూలబంధమును మనము మోక్షమునకు వాడితిమి గాని బాలింతకు నేర్పలేదు.

ఇక నేటి తెలంగాణము. 2019–21 సర్వే ప్రకారము మన రాష్ట్రమున నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలో జరిగినవి. లక్ష కాన్పులకు తల్లుల మరణములు 2018–20లో 43కు దిగినవి. ఇది సామాన్యమైన గెలుపు గాదు. కాని అదే సర్వేలో నూటికి 60.7 కాన్పులు కడుపు కోసి చేసినవి. దేశములో నింత హెచ్చు మఱి యే రాష్ట్రమునను లేదు. కోత పెట్టినచో క్రింది కండరములకు హాని యుండదని కొందరి భ్రమ. హాని కొంత తగ్గును గాని తొమ్మిది నెలల మోత మోసిన నులక నులకయే. ముహూర్తము చూచి కోత పెట్టించువారికి పంచాంగము చెప్పిన వాడను నేనును. ఆ తప్పు నాదే, ఇప్పుడు చెప్పను.

ఇంతకన్న బాధాకరమైన దొకటి కలదు. తెల్లబట్ట యైనను, నడుమునొప్పి యైనను, జారుడైనను, గర్భసంచి తీసివేయుటే మందను మాట మన పల్లెలలో బలిసినది. 2015–16 సర్వేలో 49 యేండ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు ఆంధ్రప్రదేశములో నూటికి 8.9, మన తెలంగాణములో 7.7, దేశమున ముందు వరుస మనవే. ఇట్టి యనవసర శస్త్రచికిత్సల నరికట్టుటకు మార్గదర్శకముల నమలుచేయుడని 2023 ఏప్రిలులో సుప్రీముకోర్టు రాష్ట్రముల నాదేశించెను. అవసరమైన చోట ఆ శస్త్రచికిత్స ప్రాణదానమే. అభ్యాసమును ఉంగరమును అడుగకయే, ముప్పది యేండ్ల కూలితల్లి అప్పు దెచ్చి చేయించుకొనుటే నాకు గిట్టనిది.

మఱొక వంక మంచియు మొలకెత్తినది. 2017లో కరీంనగరములో ప్రభుత్వము, ఫెర్నాండెజు వైద్యశాల కలిసి నర్సులకు మంత్రసాని విద్యను నేర్ప నారంభించినవి. నొప్పి వచ్చువరకు నడువనిచ్చుట, తొందరపెట్టి ముక్కింపకుండుట వారి పాఠములు. ఆత్రేయుని రోకలి చర్చ నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది.

మరిపెడలోను, చుట్టుపట్ల తండాలలోను ఇప్పటికిని మిరప కోతలకు బాలింతలు వంగుచునే యున్నారు. కాన్పైన ఆరు వారములవరకు బిందెలు, గడ్డిమోపులు ఎత్తనీయకుడు. మలబద్ధము లేకుండ ఆకుకూరలు, నీళ్ళు దండిగా నిండు. పథ్యము పేరిట నీళ్ళు మాన్పుట మన పెద్దల పొరపాటు. మూత్రము ఆగక ధారగా బోవుచున్నను, ఏదైనను వెలికి జారినను, ఆలసింపక డాక్టరమ్మకు చూపుడు. చెప్పుటకు సిగ్గుపడు కోడలిని అత్తగారే యడుగవచ్చును.

మా యింట నిన్నటి నెలలో కోడలికి కాన్పైనది. నీళ్ళబిందె మా యబ్బాయి మోయుచున్నాడు. బావికడ నిద్దరు ముగ్గురు నవ్విరట.