50 మెగాబైట్ల పంతం

కెర్నెల్ మార్చడమంటే ఒక ఫైలు తీసి మరొకటి పెట్టడం కాదు. దానితోపాటు మాడ్యూళ్ళన్నీ మారాలి. లేకుంటే నెట్‌వర్క్ కార్డు మూగబోతుంది. పరిమాణమూ పెరుగుతుంది. 50 మెగాబైట్లు దాటరాదని పంతం పట్టిన డ్యామ్ స్మాల్ లినక్స్‌కు అదే చిక్కు. 2003 డిసెంబరులో 2.6 కెర్నెల్ వెలువడినా, పాత యంత్రాలను వదులుకోలేక అది 2.4తోనే ఉండిపోయింది. 2.6తో చేసిన కూర్పు గీత దాటింది గనుక డీఎస్‌ఎల్-ఎన్ అని వేరే పేరు పెట్టారు. పేరు మార్చుకున్నారే గాని మాట తప్పలేదు, అది నాకు నచ్చింది.

ఆ బృందంలో పనిచేసిన రాబర్ట్ షింగిల్‌డెకర్ తరువాత 2.6 కెర్నెల్ మీదనే, సుమారు 10 మెగాబైట్లలో, టైనీ కోర్‌ను నిర్మించి చూపారు. 2024లో జాన్ ఆండ్రూస్ డీఎస్‌ఎల్‌ను మళ్ళీ తెచ్చారు. ఈసారి హద్దు ఒక సీడీ, 700 మెగాబైట్లు.