వోల్ఫ్-రాయే నక్షత్రాలు: బప్పు నోట్సులో మనం వదిలేసే పేజీ

వైను బప్పు అనగానే కావలూరు, విల్సన్-బప్పు ప్రభావం, ఒక తోకచుక్క రాసుకుని పేజీ తిప్పేస్తాం. ఆయన ఏళ్ల తరబడి పట్టుకున్న వోల్ఫ్-రాయే నక్షత్రాల జోలికి పోం. నన్నడిగితే అసలు కథ అక్కడే ఉంది.

1867లో పారిస్ అబ్జర్వేటరీలో వోల్ఫ్, రాయే మూడు వింత నక్షత్రాలను చూశారు. వాటి వర్ణపటంలో సన్నటి నల్లగీతల బదులు వెడల్పాటి వెలుగు పట్టీలున్నాయి. 1929లో కెనడా శాస్త్రవేత్త బీల్స్ కారణం చెప్పారు: నక్షత్రం తన వాయువును సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు మించిన వేగంతో చిమ్ముతోంది. డాప్లర్ ప్రభావం గుర్తుందా? మనవైపు వచ్చే వాయువు, అవతలికి పోయే వాయువు కలిసి గీతను సాగదీస్తాయి.

అందరూ వెంటనే ఒప్పుకోలేదు. నిజాం కాలేజీలో చదివిన బప్పు, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో 1949లో హార్వర్డ్ వెళ్లారు. ఆ వెడల్పులో నక్షత్ర భ్రమణం, వాయువుల అల్లకల్లోలం వాటా ఎంతో 1954లో మెంజెల్‌తో కలిసి పరిశీలించారు. తర్వాత రాకెట్లు, ఉపగ్రహాలు అతినీలలోహిత వర్ణపటాలు తెచ్చాక తీర్పు గాలివైపే వచ్చింది.

ఆ గాలిని తోసేది కాంతే. సుమారు లక్ష ఏళ్లలో ఒక సూర్యుడంత పదార్థం పోతుంది. పై హైడ్రోజన్ పొర ఊడి, లోపలి వేడి హీలియం బయటపడుతుంది.

ఇలాంటిదొకటి కంటికే కనిపిస్తుంది, గామా వెలోరమ్. ఫిబ్రవరి చివర రాత్రి పదిన్నరకు దక్షిణాన అగస్త్య నక్షత్రానికి ఎడమగా, కాస్త పైన వెతకండి. నేనుండే సూరత్‌లో ఎత్తు సుమారు 21 డిగ్రీలే. హైదరాబాద్‌లో దాదాపు ఇంకో నాలుగు ఎక్కువ.