మెదక్‌లో దానం, చదువు: కరువు పనుల నుంచి కంపెనీల రెండు శాతం దాకా

మెదక్ అనగానే చర్చి, చర్చి అనగానే కరువు, కరువు అనగానే ఆకలితో ఉన్న వేలమందికి చర్చి నిర్మాణంలో పని కల్పించి కూడు పెట్టిన మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ గుర్తుకు రావడం తెలంగాణలో పరిపాటి. పర్యాటక కరపత్రాలు మొదలు పాఠశాల ఉపన్యాసాల దాకా ఈ కథ ఒకే తీరున సాగుతుంది; ఇచ్చినవాడు ఒకడు, పుచ్చుకున్నవారు వేలమంది అన్నది దాని సారం. ఈ కథనంలో అబద్ధం తక్కువే గాని, విడిచిపెట్టినది చాలా ఉంది. విమానయాన సంస్థల దాకా పెద్ద కంపెనీలన్నీ విద్యకూ గ్రామాలకూ నిధులు ఇవ్వడం చట్టబద్ధమైన బాధ్యతగా మారిన ఈ కాలంలో కూడా దాతృత్వాన్ని అదే చూపుతో కొలుస్తున్నారు కనుక, ఆ విడుపులను పరిశీలించవలసిన అవసరం ఉంది.

పాతకాలపు ఇనాముల సంగతి తెలిసినదే. భూమి శిస్తును గుడికో, మసీదుకో, పండితుడికో వదిలిపెట్టడం నాటి దానపద్ధతి. దానికి తోడు నిజాం ప్రభుత్వం 1905లో మంజీర మీద ఘనపురం ఆనకట్ట కట్టించి, మహబూబ్ నహర్, ఫతే నహర్ అనే కాలువల ద్వారా మెదక్ చుట్టుపక్కల పొలాలకు నీరు పారించింది. కరువును ఎదుర్కొన్నది క్రైస్తవ మిషన్ ఒక్కటే అన్న భావనకు ఈ ఆనకట్టే సమాధానం. ఇంగ్లండుకు చెందిన వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున పాస్నెట్ 1895లో సికింద్రాబాదుకు, ఆ తర్వాత మెదక్‌కు వచ్చాడు. అసలు చిక్కు ఇక్కడి నుంచే.

చర్చిని కరువు కట్టించిందన్న మాటను తేదీల పక్కన పెట్టి చూస్తే అంత సూటిగా నిలవదు. నిర్మాణం 1914లో మొదలైందనీ, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిందనీ అందరూ ఒప్పుకున్నదే. ఈ పదేళ్లలో అన్నీ కరువు ఏళ్లు కావు. మొదటి ప్రపంచయుద్ధం వల్ల ధరలు పెరిగి బీదసాదలు అల్లాడిన మాట నిజమే అయినా, వానలు ఘోరంగా ముఖం చాటేసినది 1918లో. ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి జనాన్ని తుడిచిపెట్టినదీ ఆ ఏడే. అంటే కరువు తీవ్రమయ్యే నాటికి పని నడుస్తూనే ఉంది. కరువు కోసం చర్చి తలపెట్టారనడం కంటే, తలపెట్టిన పనిని కరువు వచ్చినప్పుడు కూలికి ఆసరాగా మార్చారనడం సాక్ష్యానికి దగ్గరగా ఉంటుంది. దీనివల్ల పాస్నెట్ గొప్పతనం తగ్గదు. చేతిలో ఉన్న పనిని ఆకలిగొన్నవారికోసం విస్తరించడం చిన్న విషయం కాదు. అయితే పని స్వభావాన్ని కూడా గమనించాలి. ఎండిన పొలం వదిలి వచ్చిన మనిషి మట్టి తవ్వగలడు, రాయి మోయగలడు, సున్నం కలపగలడు. నూరడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు గల ఆ రాతి కట్టడానికి ఉలి పట్టినది మాత్రం వృత్తిదారులు. నేలపై పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి, వాటిని పరిచినవారు ఇటలీ పనివారు. రంగుటద్దాల కిటికీలు 1927లో, 1947లో, 1958లో ఒక్కొక్కటిగా అమరాయి. ఈ నిర్మాణపు ఖర్చులో కరువు కూలి ఒక భాగమే, అందులోనూ కంటికి తక్కువగా కనిపించే భాగం.

ఎవరు చూసినా తలెత్తి చూసే 175 అడుగుల గోపురం కంటే, చర్చి ఆవరణ అంచున జరిగిన పని మెదక్ ప్రాంతాన్ని లోతుగా మార్చింది. ఊరిబడిలో చోటు దక్కని మాల, మాదిగ పిల్లలకు అక్షరాలు నేర్పడానికి ఉపదేశులను, అంటే పల్లెలో ఉంటూ బడి చెప్పడం, ప్రార్థన నడపడం రెండూ చేసే ఉపాధ్యాయులను, మిషన్ తయారుచేసి గూడేలకు పంపింది. పగలు పశువుల వెంట పోయే పిల్లవాడు దీపం వెలుగులో రాత్రిబడికి వచ్చేవాడు. ఈ చదువు మతంతో ముడిపడి ఉన్నదన్న విమర్శ సరైనదే, దాన్ని దాచి ఈ చరిత్ర రాయకూడదు. కాని ఆ గూడేనికి అంతవరకు ఏ మతంవారూ, ఏ ప్రభుత్వమూ బడి తెరవలేదన్న సంగతిని కూడా అదే ఊపిరిలో చెప్పాలి.

ఈ బడులు, సంఘాలు కేవలం ఇంగ్లండు చందాలతో నడిచాయనడం ఆ పరిపాటి కథనంలోని అతి పెద్ద లోపం. తెలుగు క్రైస్తవ సంఘాలలో పిడికెడు బియ్యం కానుక అనే ఆచారం ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిపూటా ఇంటి ఇల్లాలు కొలిచిన గింజల్లోంచి ఒక పిడికెడు తీసి విడిగా ఒక కుండలో వేసేది. కుండ నిండాక దాన్ని సంఘానికి ఇచ్చేది. కోత పండుగనాడు కోడి, గుమ్మడికాయ, ధాన్యం కానుకగా తెచ్చి వేలం వేస్తే వచ్చిన సొమ్ము ఉపదేశి జీతానికీ, బడి మరమ్మతుకూ పోయేది. రోజు కూలి మీద బతికేవారి పిడికెడు ఎంత విలువైనదో లెక్కలో దొరకదు, అందుకే లెక్కల మీద నడిచే చరిత్రలు దాన్ని వదిలేశాయి. దానమంతా మిషన్‌దే కాదనడానికి పొరుగు జిల్లాలోనూ ఉదాహరణ ఉంది: నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో మిషన్ వైద్యురాలు డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో నెలకొల్పిన కుష్ఠు ఆసుపత్రికి అండగా నిలిచినది రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి మెదక్ దాని డయోసిస్‌కు, అంటే బిషప్ పాలనా ప్రాంతానికి, కేంద్రమైంది. మరుసటి ఏడు హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. బడి కట్టే భారం క్రమంగా సర్కారుకు చేరింది. ఆ రోజుల్లో కంపెనీ దాతృత్వం చట్టబద్ధమైన బాధ్యత కాదు. నిజాం, టాటాల భాగస్వామ్యంతో 1945లో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా 1953లో జాతీయీకరణకు లోనై ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ప్రజల ఆస్తి అయిన విమాన సంస్థ ప్రజలకు విడిగా దానం చేయడమన్న ప్రశ్న అప్పుడు పుట్టలేదు.

ఆ ప్రశ్న 2013 కంపెనీల చట్టంతో వచ్చింది. దాని 135వ సెక్షన్ ప్రకారం ఏటా అయిదు కోట్ల నికర లాభం, లేదా వెయ్యి కోట్ల టర్నోవరు, లేదా అయిదు వందల కోట్ల నికర విలువ గల కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక కార్యాలకు ఖర్చుపెట్టాలి. ఇండిగో విమానాలు నడిపే ఇంటర్‌గ్లోబ్ ఏవియేషన్ ఇండిగోరీచ్ పేరిట పిల్లల చదువు, స్త్రీల సాధికారత, పర్యావరణం వంటి రంగాలలో చేస్తున్న పని ఈ చట్రంలోనిదే. అది మేలే చేస్తున్నది. కాని చట్టపు లెక్క లాభానికి కట్టుబడి ఉంది. కోవిడ్ వేళ 2020-21, 2021-22లలో విమాన సంస్థలు వేల కోట్ల నష్టాల్లో కూరుకుపోయాయి. బడులు మూతపడి పేదపిల్లలకు సాయం ఎక్కువగా కావలసిన కాలం కూడా అదే. సగటు లాభం లేనప్పుడు రెండు శాతం బాధ్యత కూడా ఉండదు. 1918లో మెదక్‌లో సాగిన పద్ధతికి ఇది సరిగ్గా తలకిందులు: అక్కడ కష్టం పెరిగితే పని పెరిగింది, ఇక్కడ కష్టం పెరిగితే నిధి తగ్గుతుంది.

విమానాల్లోనే మరో మార్గమూ ఉంది. ప్రయాణికుల జేబుల్లో మిగిలిపోయిన విదేశీ చిల్లరను యూనిసెఫ్ కోసం సేకరించే ‘చేంజ్ ఫర్ గుడ్’ 1987 నుంచి నడుస్తున్నది. అందులో ఇచ్చేది ప్రయాణికుడు, పేరు మాత్రం సంస్థది. అయినా అక్కరలేని చిల్లర ఇవ్వడానికీ, తన అన్నంలోంచి పిడికెడు తీసి ఇవ్వడానికీ ఉన్న దూరాన్ని ఏ నివేదికా చెప్పలేదు.

మెదక్ పట్టణానికి ఇంకొక నష్టం ఉంది. కంపెనీ తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని చట్టం అంటుంది. అది కచ్చితమైన నిబంధన కాదని కేంద్రం వివరణ ఇచ్చినా, నిధులు సహజంగా ఫ్యాక్టరీల చుట్టూ తిరుగుతాయి. 2016 అక్టోబరు 11న పాత మెదక్ జిల్లాను మూడుగా విడగొట్టినప్పుడు పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడలు సంగారెడ్డికి పోయాయి. పట్టణానికి చేరువలో ఉన్న మంబోజిపల్లి చక్కెర ఫ్యాక్టరీ అంతకుముందే, 2015 డిసెంబరులో మూతపడింది. రన్‌వే లేని, పెద్ద ఫ్యాక్టరీ మిగలని ఊరు ఏ కంపెనీకి ‘స్థానిక ప్రాంతం’ అవుతుంది? ఒకవేళ నిధి వచ్చినా, అది సాధారణంగా ఎక్కడి నుంచో వచ్చిన స్వచ్ఛంద సంస్థ చేతుల మీదుగా కంప్యూటర్లుగానో, బెంచీలుగానో బడికి చేరుతుంది. విద్యాహక్కు చట్టం తల్లిదండ్రులతో ఏర్పరచిన బడి యాజమాన్య కమిటీని ఏమి కావాలని అడిగే నియమం 135వ సెక్షన్‌లో లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో మహిళా సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను ఏర్పరచి బడుల మరమ్మతు పనులు అప్పగించింది. పిడికెడు బియ్యం పోగుచేసిన ఇల్లాళ్ల తర్వాత ఆ ఊళ్ల ఆడవాళ్ల చేతికి బడి పని అందిన అరుదైన సందర్భం ఇది. కంపెనీలు తమ రెండు శాతాన్ని నేరుగా ఇటువంటి కమిటీల నిర్ణయానికి వదిలిపెట్టే ఏర్పాటు మాత్రం చట్టంలో ఇంకా చోటుచేసుకోలేదు.